రాత్రి పదికి ఆగిపోయే జనరేటర్

"మావా, ఒకటే గుర్తుపెట్టుకో. 3500 వాట్లకి తక్కువ తేకు. తెచ్చేవంటే తర్వాత మనమే ఏడవాలి."

టెక్సాస్ నుంచి మా మేనల్లుడు పంపిన వాయిస్ మెసేజ్ ఇది. వాడక్కడ రెండు వేసవులు ఆర్వీ, అంటే మంచాలూ వంటగట్టూ ఉన్న ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని పెళ్ళాంపిల్లలతో ఊళ్ళు తిరిగాడు. ఒక సంక్రాంతికి నరసన్నపేట వచ్చినప్పుడు ఆ పిచ్చి మాకూ అంటించాడు. బడిపిల్లల్ని తిప్పి తిప్పి అలిసిపోయిన ఒక పాత టెంపో ట్రావెలర్ కొన్నాం. సీట్లు పీకించి, వడ్రంగి చేత రెండు మంచాలు, ఒక వంటగట్టు, దాని కింద అరలు చేయించాం. ఆ మార్పులన్నీ ఆర్‌సీలో ఎక్కించుకోవడం వేరే కథ, ఇప్పుడొద్దు. అన్నీ అయ్యాక మిగిలింది జనరేటర్ ఒక్కటే. అక్కడే నాకూ వాడికీ చెడింది.

నన్ను ఈ విషయంలో ఏమీ తెలియనివాడి కింద జమకట్టడానికి వీల్లేదు. మాది షామియానా సప్లై. నాన్న టెంట్లూ, కుర్చీలూ, వంట పాత్రలూ అద్దెకిచ్చేవాడు. కరెంటు మీద నమ్మకం లేని రోజులు కాబట్టి పెళ్ళికి జనరేటరూ పంపాల్సిందే. పెట్రోలుతో స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కాక కిరసనాయిలుకి తిప్పే చిన్న సెట్లుండేవి అప్పట్లో. శ్రీకాకుళం బజారులో ప్రతి కొట్టు ముందూ ఒకటి గొలుసుతో కట్టేసి ఉండేది. కరెంటు పోగానే వీధి వీధంతా తాళ్ళు లాగేవారు. ఆ పొగ, ఆ మోత, తాడు వెనక్కి తన్ని మణికట్టు బెణకడం, ఇవన్నీ నా చిన్నతనంలో భాగం. అందుకే జనరేటర్ మీద నాకు ప్రేమా ఉంది, మోజు లేకపోవడమూ ఉంది.

ముందు వాడు చెప్పిన 3500 ఎక్కణ్ణుంచి ఊడిపడిందో చూద్దాం. అమెరికాలో ఇళ్ళకొచ్చే కరెంటు 120 వోల్టులు. చాలా ఆర్వీల్లో 30 ఆంపియర్ల ప్లగ్గుంటుంది. 30ని 120తో గుణిస్తే 3600. క్యాంపు స్థలంలో కరెంటు స్తంభం ఇచ్చేది అంతే కాబట్టి, స్తంభం లేనిచోట జనరేటర్ కూడా అంతే ఇవ్వాలని అక్కడివాళ్ళు లెక్కేసుకుంటారు. దాని వెనక అసలు కారణం పైకప్పు మీద కూర్చునే ఏసీ. అక్కడ మామూలుగా వాడే 13,500 బీటీయూ ఏసీ, మన లెక్కలో టన్ను పైచిలుకుది, నడిచేటప్పుడు 1300 నుంచి 1500 వాట్లు తీసుకుంటుంది. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మాత్రం దాదాపు 3000 దాకా ఎగబాకుతుంది. ఆ ఒక్క క్షణం కోసం 3500 వాట్ల యంత్రం. వాళ్ళ ఎండలకీ, వాళ్ళ బళ్ళకీ, వాళ్ళ దూరాలకీ ఆ లెక్క సరిపోతుంది కాబోలు. నేను దాన్ని తప్పనను.

పైగా వాడు ఇంకో మాట కూడా అన్నాడు. "ఇక్కడ చవక మావా, వచ్చేటప్పుడు నేనే తెచ్చెయ్యనా?" వద్దురా నాయనా అన్నాను. అక్కడిది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క. దానికి మన ఫ్యానూ, మన మిక్సీ తగిలిస్తే ఏ పనీ సవ్యంగా జరగదు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ పెంచుకోవచ్చు గానీ హెర్ట్జ్ మారదు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, బండి మీద లక్షలు పోసి ఇక్కడ కక్కుర్తి పడితే ఎలా?

సరే, మరి ఎంతది కొనాలి? నా వాదన పెద్దది కాదు. ఎన్ని వాట్లు అని అడక్కండి. రాత్రి నడపాలా వద్దా అని ముందు తేల్చుకోండి. వద్దు అనుకుంటే రెండు కేవీఏ లోపుది చాలు (కేవీఏ అంటే ఉజ్జాయింపుగా వెయ్యి వాట్లు అనుకోండి). నడపాలి అనుకుంటే మూడున్నరా చాలదు, మీ నిద్ర చాలదు, పక్కవాళ్ళ ఓర్పూ చాలదు.

ఈ తెలివి నాకు పుస్తకాల్లో రాలేదు. బారువలో వచ్చింది.

బండి సిద్ధమైన కొత్తలో, మరుసటి ఏడు కనుమ వెళ్ళిన మూడో రోజు, మేనల్లుడి కుటుంబం, అమ్మ, నేను బారువ తీరానికి వెళ్ళాం. సరుగుడు చెట్ల పక్కన, రోడ్డు ఆగిపోయేచోట బండి పెట్టాం. ఇసుకలోకి దింపలేదు. జనవరి నుంచి మార్చి దాకా ఆ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొస్తాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుతురు ఎటుంటే అటు పోతుంది. సముద్రం మీది మసక వెలుగు వైపు పోవాల్సింది మన ఫ్లడ్ లైటు వైపు పాకితే తెల్లారేసరికి కాకుల పాలు. ఆ మాత్రం తెలిసినవాళ్ళమే కాబట్టి బయటి లైట్లు ఆర్పేశాం. కానీ జనరేటర్ ఆపలేదు. మా గోడౌన్ నుంచి తెచ్చిన మూడు కేవీఏ ఓపెన్ ఫ్రేమ్ సెట్టు అది, చుట్టూ డబ్బా లేని రకం. లోపల రెండు ఫ్యాన్లు, చిన్న ఫ్రిజ్జు, ఫోన్ల చార్జర్లు. అంతా కలిపి రెండు వందల వాట్లుండదు. దానికి ఆ ఇంజిన్ నిమిషానికి మూడువేల చుట్లు తిరుగుతూ కొట్టుకుంటోంది.

మొదటి గొడవ అదే తెచ్చింది. గంట నడిచి టక్కున ఆగిపోయింది. తాడు లాగాను, లేవలేదు. అరగంట లాగాను. పెట్రోలుంది, ప్లగ్గు బాగుంది. చివరికి టార్చి వేసి చూస్తే, అదురుకి ఇసుకలోకి ఒకవైపు కూరుకుపోయి వాలిపోయింది. ఆయిలు తక్కువైతే ఇంజిన్ని ఆపేసే సెన్సరు ఒకటుంటుంది. సెట్టు వాలితే ఆయిలు ఒక మూలకు చేరి, సెన్సరు అయిపోయిందనుకుంటుంది. కింద పీట వేసి సమంగా నిలబెట్టగానే ఒక్క లాగుకి లేచింది. ఇరవై ఏళ్ళు పెళ్ళి పందిళ్ళకి జనరేటర్లు పంపినవాణ్ణి, ఒక చెక్క పీట తీసుకెళ్ళడం మరిచాను.

రెండో గొడవ పదకొండింటికి వచ్చింది. లుంగీ కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని ఒక పెద్దాయన చీకట్లోంచి వచ్చి నిలబడ్డాడు. కోపంగా లేడు. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఏటి బాబూ, ఇది తెల్లార్లూ ఇలగే కొట్టుకుంతాదేటి? మూడుగంటలకి ఏటకెల్లాల మేం."

క్షమించమని, ఆపేస్తానని అన్నాను. ఆయన వెళ్ళలేదు.

"ఎంత తాగుతాదిది?"

"గంటకి లీటరు దగ్గర్లో."

ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కేశాడు. "రేతిరికి ఎనిమిది లీటర్లు. ఓరి బాబో. ఆ నూనె నాకిచ్చీరా, నాను ఏటకెల్లి వచ్చీసి మీకు చేపలు కూడా ఇచ్చీగలను. ఇంతకీ లోపలేటి తిరుగుతంది?"

"రెండు ఫ్యాన్లు."

జనవరి నెల. సముద్రపొడ్డు. ఆయన నవ్వాడో లేదో చీకట్లో కనపడలేదు. మా అమ్మ మాత్రం లోపల్నుంచి గట్టిగా నవ్వింది.

ఆ రాత్రి తర్వాత నేను కాగితం మీద లెక్క కట్టాను. మోత గురించి ముందు. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రంటే పది నుంచి ఆరు దాకా. నివాస ప్రాంతంలో ఆ వేళ 45 డెసిబెల్స్ మించకూడదు. మా మేనల్లుడి దేశంలోనూ చాలా క్యాంపుల్లో సద్దుమణగాల్సిన వేళ అదే, పది నుంచి ఆరు. అక్కడి నేషనల్ పార్కుల్లో అయితే పగలైనా సరే 50 అడుగుల దూరంలో 60 డెసిబెల్స్ దాటకూడదని నియమం. వాడు అక్కడ ఇవన్నీ బుద్ధిగా పాటించాడు. ఇక్కడికి రాగానే 'ఎవరడుగుతారు మావా' అన్నాడు. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీ మోత అంటారు. మా వాడిది తిరగబడ్డ సామెత.

ఓపెన్ ఫ్రేమ్ సెట్టు ఏడు మీటర్ల దూరంలో 70 డెసిబెల్స్ చేస్తుందనుకోండి. చాలావాటి సంగతి అటూ ఇటూ అదే. ఆరుబయట దూరం రెట్టింపైతే మోత ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. 14 మీటర్లకి 64, 28 మీటర్లకి 58. అలా లెక్కేసుకుంటూ పోతే 45కి దిగాలంటే దాదాపు 125 మీటర్లు పోవాలి. బండికీ జనరేటర్‌కీ మధ్య 125 మీటర్ల వైరు ఎవరు పరుస్తారు? అదే మూసిన డబ్బాలో ఉండే ఇన్వర్టర్ జనరేటర్, తక్కువ లోడు మీద ఏడు మీటర్లకి 55 చేసేదైతే, 22 మీటర్లు చాలు. 25 మీటర్ల వైరు చుట్ట అరలో పడుతుంది. ఒక జాగ్రత్త. డబ్బా మీద అచ్చేసే డెసిబెల్స్ చాలాసార్లు నాలుగో వంతు లోడు మీద కొలిచినవి. అమ్మేవాణ్ణి 'ఎంత లోడు మీద, ఎంత దూరంలో' అని అడగండి. ఈ రెండూ చెప్పని అంకె అంకే కాదు.

ఇన్వర్టర్ జనరేటర్ అంటే ఇంట్లో బ్యాటరీ పక్కన ఉండే ఇన్వర్టర్ కాదు. పేరు ఒకటవడం వల్ల మా ఊళ్ళో సగం మంది పొరబడుతున్నారు. మామూలు చిన్న పెట్రోలు సెట్టులో ఇంజిన్ ఎంత వేగంతో తిరిగితే కరెంటు హెర్ట్జ్ అంత. మన 50 హెర్ట్జ్ కావాలంటే నిమిషానికి 3000 చుట్లు తిరిగి తీరాలి. ఫోను చార్జరు పెట్టినా అంతే, గ్రైండరు పెట్టినా అంతే. ఇన్వర్టర్ రకంలో ఇంజిన్ చేసిన కరెంటుని ముందు డీసీగా మార్చి, మళ్ళీ ఎలక్ట్రానిక్ బోర్డు చేత నికరమైన 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌గా చేయిస్తారు. కాబట్టి ఇంజిన్ వేగానికీ కరెంటుకీ పీటముడి లేదు. లోడు తక్కువుంటే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది. మోత తగ్గేదీ, పెట్రోలు మిగిలేదీ అందుకే. లాప్‌టాపులకీ, డాక్టర్ రాసిచ్చిన యంత్రాలకీ ఆ కరెంటు శుభ్రంగా ఉంటుంది. బరువూ తేడాయే. రెండు కేవీఏ ఇన్వర్టర్ సెట్టు ఇరవై కిలోల పైచిలుకు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తా కన్నా తక్కువ. నేనొక్కణ్ణి దింపగలను. మూడు కేవీఏ ఇన్వర్టర్ సెట్టు కొన్ని కంపెనీల్లో అరవై కిలోల దగ్గరికి పోతుంది. దాన్ని దింపాలంటే మేనల్లుడు టెక్సాస్ నుంచి రావాలి.

ఇంత చెప్పి మా వైండింగ్ మేస్త్రి మాట దాచడం న్యాయం కాదు. మా సెట్లన్నీ ఆయనే బాగుచేస్తాడు. ఆయన ఇన్వర్టర్ రకం పేరెత్తితేనే మూతి తిప్పుతాడు. "కాయిల్ కాలితే నాను చుట్టీగలను. కార్బొరేటర్ పోతే పట్నంనుంచి తెప్పిత్తాను. బోర్డు పోతే ఏటి చెయ్యమంతావు? మట్టిలో పాతెయ్యాల." ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉప్పుగాలికి బోర్డులు చెడతాయన్నది నిజం. కొత్త బోర్డు ఖరీదు వింటే యంత్రమే కొత్తది కొనుక్కుందాం అనిపించేదీ నిజం. పైగా ఇన్వర్టర్ సెట్టు ధర అదే శక్తి గల ఓపెన్ ఫ్రేమ్ ధరకి రెట్టింపు పైనే. ఏడాదికి మూడొందల గంటలు నడిపే మా పెళ్ళిపందిళ్ళ పనికైతే ఇప్పటికీ నేను మేస్త్రి పక్షమే. రాగి వైండింగ్ ఉన్న ఓపెన్ ఫ్రేమ్, ఆయన చేతికి అందే ఇంజిన్. బండి సంగతి వేరు. అది ఏడాదికి ముప్పై గంటలు నడిస్తే గొప్ప. ఆ ముప్పై గంటలూ మనుషుల పక్కన నడుస్తుంది. అందుకని ఇన్వర్టర్ రకమే తీసుకున్నాను, విడిభాగాలు విశాఖలోనైనా దొరికే కంపెనీది. ఆన్‌లైన్‌లో సగం ధరకి కనిపించిన ఊరూపేరూ లేనిదాన్ని కాదు.

ఇక రాత్రి నడపకుండా ఎలా? ఇక్కడ కొంచెం నిదానించాలి, ఎందుకంటే జనాలు సరిగ్గా ఈ లెక్క దగ్గరే బద్ధకించి పెద్ద యంత్రం కొనేస్తారు. మా బండిలో రోజుకి ఎంత కరెంటు ఖర్చవుతుందో చూడండి. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 30 వాట్లు, తొమ్మిది గంటలు. 540. పన్నెండు వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్జు 50 వాట్లదే గానీ సగం సేపే తిరుగుతుంది, రోజంతా కలిపి 600. అందులో పాలూ, మా అమ్మ ఇన్సులినూ ఉంటాయి కాబట్టి అది ఆగడానికి వీల్లేదు. లైట్లకి 80. నాలుగు ఫోన్లు, ఒక లాప్‌టాపు కలిపి 120. మొత్తం 1340 వాట్ అవర్లు. మీటరు భాషలో యూనిట్టూ మూడో వంతు. 12.8 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1.9 యూనిట్లు పడుతుంది. రాత్రంతా చప్పుడు లేకుండా గడిచిపోగా ఇంకా మిగులుతుంది.

ఖర్చయినదాన్ని మళ్ళీ నింపడానికి 60 ఆంపియర్ల చార్జరు పెట్టుకుంటే జనరేటర్ మీద పడే లోడు వెయ్యి వాట్లకి లోపే. గంటా ముప్పావు నడిపితే చాలు. లీటరున్నర లోపు పెట్రోలు. పొద్దున్న తొమ్మిదింటికో, సాయంత్రం నాలుగింటికో, పిల్లలు నీళ్ళలో ఆడుతున్నప్పుడు నడిపేసి ఆపెయ్యొచ్చు. బండి ప్రయాణంలో ఉంటే ఇంజిన్ ఆల్టర్నేటరే డీసీ చార్జరు ద్వారా సగానికి పైగా నింపేస్తుంది. నరసన్నపేట నుంచి బారువ చేరేసరికి బ్యాటరీ కళకళలాడుతూ ఉంటుంది. అప్పుడు జనరేటర్ దించే పనే లేదు. రెండు రోజులు ఒకేచోట ఉంటేనో, ముసురు పట్టి సోలార్ పలకలు మొహం చాటేస్తేనో దాని అవసరం. అంటే మనం కొంటున్నది కరెంటు ఆఫీసుని కాదు, సెలవు రోజుకి బదులొచ్చే మనిషిని.

ఇందులో కక్కుర్తి కోణం కూడా ఉంది, నేను దాచను. చిన్న పెట్రోలు జనరేటర్ లీటరుకి ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్లు చేస్తుంది. లీటరు నూట పది రూపాయలు వేసుకుంటే, యూనిట్టు ధర డెబ్బై నుంచి నూట పది రూపాయలు. ఇంట్లో కరెంటు బిల్లు చూసి గోలపెట్టే మనిషి ఎవరైనా ఈ ధరకి ఏసీ వేసుకుంటాడా?

వేసుకుంటానన్నాడు మావాడు. ఆ లెక్కా చూద్దాం. ఒక టన్ను ఏసీ కంప్రెసర్ ఆగుతూ సాగుతూ సగటున 600 వాట్లు తీసుకుంటుందనుకున్నా ఎనిమిది గంటలకి దాదాపు ఐదు యూనిట్లు. నాలుగు లీటర్లకి పైనే పెట్రోలు. రాత్రికి నాలుగొందల యాభై, ఐదొందలు. డబ్బు సంగతి వదిలెయ్యండి. రెండు కేవీఏ సెట్టు ట్యాంకు మూడున్నర లీటర్లు. తొమ్మిదింటికి మొదలుపెడితే తెల్లవారుజామున మూడున్నరకి ఆగిపోతుంది. అప్పుడు నిద్రమత్తులో లేచి, చీకట్లో, సైలెన్సరు ఇంకా కాలుతుండగా పెట్రోలు పోయాలి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిందితే ఏమవుతుందో మా గోడౌన్‌లో ఒకసారి చూశాను. ఒక షామియానా, నా కుడిచేతి వెంట్రుకలు పోయాయి. అంతటితో పోయింది కాబట్టి నవ్వుతున్నాను.

మరి వేసవి? ఈ ప్రశ్న న్యాయమైనది. మే నెలలో మన తీరం మీద ఎండ కన్నా ఉక్కపోత చంపుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, రేకు బండిలో మనుషులెంత? ముసలివాళ్ళూ పసిపిల్లలూ ఉన్నప్పుడు ఏసీ అక్కర్లేదని నేననను. కానీ జనరేటర్ దానికి జవాబు కాదు. అమెరికాలో ఊరికీ ఊరికీ మధ్య వందల మైళ్ళు ఖాళీ. మన జిల్లాలో ఇరవై కిలోమీటర్లకో చుట్టం ఇల్లుంటుంది. వాళ్ళ వాకిట్లో బండి పెట్టి, గీజరుకి వాడే 16 ఆంపియర్ల సాకెట్ నుంచి వైరు లాక్కుంటే 3600 వాట్లు చక్కగా వస్తాయి. అమెరికా స్తంభం ఇచ్చేదీ అంతే కదా. పైగా చోడంబలి, ఎండుచేపల పులుసు కూడా వస్తాయి. చుట్టం లేనిచోట ఏ కల్యాణ మండపం వాళ్ళనడిగినా డబ్బు తీసుకుని లైను ఇస్తారు. అదీ కుదరకపోతే మేలో కొండెక్కండి. అరకు 900 మీటర్ల ఎత్తు. అక్కడికి జనరేటర్ పట్టుకెళ్తే గాలి పల్చబడి ఇంజిన్ శక్తి పదో వంతు తగ్గుతుంది, అది గుర్తుంచుకుంటే చాలు. ఏసీ మాత్రం అక్కర్లేదు.

పెద్ద యంత్రం మీద నాకు విరక్తి పుట్టింది అసలు 2018లో. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపడ్డాయి, జీడితోటలు వేళ్ళతో లేచిపోయాయి. స్తంభాలు నేలమీద. మా దగ్గరున్న ఏడున్నర కేవీఏ డీజిల్ సెట్టుని ట్రాక్టరు మీద వేసుకుని, దారిలో చెట్లు నరుక్కుంటూ వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊరికి తీసుకెళ్ళాం. వాటర్ ట్యాంకు మోటారుకి ఒక గంట నడిపితే ఊరికి నీళ్ళొచ్చాయి. అంతవరకు అది దేవుడు. ఆ తర్వాత మిగతా రోజంతా దానికి తగిలించినవి ఫోన్లు. బల్ల మీద పరిచిన వంద ఫోన్లు. ఒక్కోటి ఐదు, పది వాట్లు. అంతా కలిపి కిలోవాట్ ఉండదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. డీజిల్ దొరకని రోజుల్లో ఆ ఇంజిన్ గంటకో లీటరు పైన తాగుతుంటే క్యాన్ అడుగు కనపడేకొద్దీ నా గుండె జారేది. ట్యాంకు మోటారుకి పెద్దదీ, ఫోన్లకి చిన్నదీ ఉండుంటే అదే డీజిల్‌తో ఇంకో ఊరికి నీళ్ళు పట్టేవాళ్ళం. ఆ లెక్క ఇప్పటికీ నన్ను తొలుస్తుంది.

అప్పుడే చూసిన ఇంకో భయంకరమైన తెలివితేట. రెండు వైపులా మగ ప్లగ్గులున్న వైరు తయారుచేసి, జనరేటర్ కరెంటుని ఇంట్లో సాకెట్లోకే ఎక్కించడం. మెయిన్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు వెనక్కి లైనులోకి పోతుంది. బయట స్తంభం మీద, లైను చచ్చిపోయిందనే ధైర్యంతో లైన్‌మన్ ఉంటాడు. బండికైనా, ఇంటికైనా చేంజ్ ఓవర్ స్విచ్, అంటే లైను కరెంటూ జనరేటర్ కరెంటూ కలవకుండా ఒక్కదాన్నే రానిచ్చే స్విచ్, పెట్టించండి. ఇందులో బేరం లేదు.

పొగ సంగతి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మా నాన్న హయాంలో ఒక వానాకాలం పెళ్ళిలో, తడవకూడదని జనరేటర్ చుట్టూ టార్పాలిన్ కట్టారు. వెచ్చగా ఉందని మా కుర్రాడొకడు ఆ పక్కనే పడుకున్నాడు. ఎవరో కాఫీ ఇవ్వడానికి వెళ్ళి లేపితే లేవలేదు. బయటికి ఈడ్చుకొచ్చాక వాంతులు చేసుకుని, తల పగిలిపోతోందని ఏడ్చాడు. బతికాడు. అందరూ దిష్టి అన్నారు. ఇరవై అడుగుల దూరం, పొగగొట్టం బండికి అవతలి వైపు, ఇది కనీసం. కానీ మన తీరంలో ఇంకో మెలిక ఉంది, అమెరికా వీడియోల్లో ఎవరూ చెప్పనిది. పగలు గాలి సముద్రం మీంచి నేల వైపు వీస్తుంది. కాబట్టి జనరేటర్ని బండికి నేల వైపున పెడతాం, పొగ అటే పోతుంది. రాత్రి పొద్దుపోయాక గాలి తిరుగుతుంది. నేల మీంచి సముద్రం వైపు. పగలు సురక్షితంగా పెట్టిన అదే యంత్రం ఇప్పుడు నేరుగా కిటికీలోకి పొగ ఊదుతుంది. మీరు నిద్రలో ఉంటారు. రాత్రి నడపొద్దని నేను ఇంతగా మొత్తుకోవడానికి మోత ఒక కారణమైతే ఈ గాలి రెండోది. ఆ తిరుగుడు గురించి ఏటకెళ్ళేవాళ్ళని అడగండి, గంట కూడా చెబుతారు. బ్యాటరీతో నడిచే మోనాక్సైడ్ అలారం బండిలో పెట్టించాను. జనరేటర్ రేటు ముందు దాని ఖరీదు లెక్కలోకి రాదు.

కొనేటప్పుడు నేను చేసిన పని చెబుతాను, షాపతను విసుక్కున్నాడు కూడా. 1500 వాట్ల కెటిల్, ఇంట్లో మిక్సీ సంచిలో వేసుకుని వెళ్ళాను. "ఫ్యూచర్‌కి ఐదు కేవీఏ తీస్కోండి సార్" అంటున్నవాణ్ణి ఆపి, రెండు కేవీఏది స్టార్ట్ చేయించి కెటిల్ పెట్టాను. ఇంజిన్ ఒక్కసారి గొంతు సవరించుకుని నిలదొక్కుకుంది. నీళ్ళు మరిగాయి. కెటిల్ తీసి మిక్సీ వేశాను, తిరిగింది. రెండూ కలిపి వేస్తే ఓవర్‌లోడ్ లైటు వెలిగి కరెంటు ఆపేసింది, అలాగే ఆపాలి కూడా. యంత్రం మీద పెద్ద అక్షరాల్లో ఉండేది క్షణకాలం ఇవ్వగలిగిన శక్తి. పక్కన చిన్న అక్షరాల్లో 'రేటెడ్' అని ఉంటుంది, మనం నమ్మాల్సింది దాన్ని. తర్వాత మా అమ్మని తాడు లాగమన్నాను. డెబ్బై దాటిన మనిషి రెండోసారికి లేపింది. నేను లేనప్పుడు ఇంట్లో ఎవరూ లేపలేని యంత్రం ఎందుకు?

పెట్రోలు విషయంలో ఇప్పుడు కొత్త తలనొప్పి ఇథనాల్. బంకుల్లో వచ్చేది 20 శాతం కలిపినదే. ఇథనాల్ తేమని పీలుస్తుంది, మన గాలిలో తేమకి కొదవ లేదు. నెలలపాటు ట్యాంకులో వదిలేస్తే కార్బొరేటర్ సన్నని దారులు పూడుకుపోతాయి. ఇంటికి రాగానే పెట్రోలు కాక్ మూసి, ఇంజిన్ దానంతటది ఆగిపోయేదాకా నడిపిస్తాను, కార్బొరేటర్ ఖాళీ అయిపోతుంది. కొత్త ఇంజిన్‌కి మొదటి ఇరవై గంటల్లోపే ఆయిలు మార్పించాను. సొంత వాడకానికి 30 లీటర్ల వరకు పెట్రోలు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చని చట్టం ఒప్పుకుంటుంది గానీ, పిల్లలు పడుకునే బండిలో, వంటగ్యాసు పక్కన ఐదు లీటర్లు కూడా ఎక్కువే. మా క్యాను వెనక తలుపు బయట, ఇనప పెట్టెలో ఉంటుంది.

మేనల్లుడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. వచ్చే సంక్రాంతికి వచ్చి పైకప్పు మీద ఏసీకి కన్నం కోయిస్తానంటున్నాడు. కోయించుకోనీ, వాకిట్లో సాకెట్ ఉంది. ఈలోగా జనరేటర్ మొద్దుబారకుండా రెండు ఆదివారాలకోసారి పెరట్లో పీట మీద పెట్టి పావుగంట నడుపుతున్నాను. లోడు లేకుండా నడిపితే లాభం లేదు కాబట్టి ఆ కెటిలే తగిలిస్తాను. ఆ నీళ్ళతో టీ పెడితే పక్కింటి మాస్టారు గోడ మీంచి గ్లాసు చాపుతారు. మోత గురించి ఆయన ఇంతవరకూ ఏమీ అనలేదు. టీలో పంచదార తక్కువైందని మాత్రం రెండుసార్లు అన్నారు.